ఛాప్లిన్, లాయిడ్ నిలబడ్డారు, కీటన్ ఎందుకు పడిపోయాడు?

ప్రశ్న: "ఛార్లీ ఛాప్లిన్, హెరాల్డ్ లాయిడ్, బస్టర్ కీటన్ ముగ్గురూ మూకీల కాలంలో సమఉజ్జీలే కదా. ముగ్గురూ తమ హాస్యం తామే రాసుకున్నారు, తామే నటించారు. మొదటి ఇద్దరూ చివరిదాకా దర్జాగా బతికితే, కీటన్ నలభై ఏళ్లు నిండకుండానే ఎందుకు దెబ్బతిన్నాడు? టాకీలు రావడం వల్లా, తాగుడు వల్లా?"

తాగుడు నిజమే, టాకీలు రావడమూ నిజమే. కానీ అసలు దెబ్బ వాటికంటే ముందే తగిలింది. 1928 జనవరిలో ఎంజీఎం అనే పెద్ద స్టూడియోతో ఒప్పందం మీద పెట్టిన ఒక్క సంతకంతో కీటన్ దారి మారిపోయింది. ఆ సంతకం పెట్టక తప్పని పరిస్థితికి పునాది 1920లోనే పడింది. ముగ్గురూ నటించారు, ముగ్గురూ రాశారు, అక్కడిదాకా మీరన్నది సరే. తేడా మూడో పనిలో ఉంది. ఛాప్లిన్, లాయిడ్ తమ సినిమాలకి తామే నిర్మాతలయ్యారు. కీటన్‌కి నిర్మాత జోసెఫ్ షెంక్. పేరుకి 'బస్టర్ కీటన్ ప్రొడక్షన్స్' అనే కంపెనీ ఉండేది గానీ అందులో కీటన్‌కి ఒక్క షేరు కూడా లేదు.

నిర్మాత అంటే డబ్బు పెట్టే మనిషి, నవ్వు పుట్టించడానికీ ఆయనకీ ఏమిటి సంబంధం అనిపించడం సహజం. మూకీ హాస్యం ఎలా తయారయ్యేదో చూస్తే సంబంధం తెలుస్తుంది. అందుకే ముందు అది చెబుతాను.

వాళ్ల రచన చాలావరకు కాగితం మీద జరిగేది కాదు. కీటన్ దగ్గర జీన్ హావెజ్, జో మిచెల్, క్లైడ్ బ్రక్‌మన్ అనే గ్యాగ్ రచయితలు జీతం మీద ఉండేవారు. గ్యాగ్ అంటే చూడగానే నవ్వు పుట్టించే చిన్న చేష్ట లేదా ఘట్టం. అందరూ ఒక గదిలో కూర్చుని ముందు కథకి మొదలు, ఆ వెంటనే ముగింపు తేల్చుకునేవారు. ఆ రెండూ కుదిరితే మధ్యభాగం దానంతటదే వస్తుందని కీటన్ నమ్మకం. పూర్తి స్క్రిప్టు లేకుండానే షూటింగ్‌కి దిగేవారు. రచయితలతో సమానమైన మనిషి ఇంకొకడు ఉండేవాడు, సాంకేతిక వ్యవహారాలు చూసే ఫ్రెడ్ గబూరీ. గిరగిరా తిరిగే ఇల్లు కావాలని గదిలో ఎవరైనా అనగలరు. అది ఏ ఇరుసు మీద తిరగాలి, ఎంత వేగంతో తిరిగితే మనిషి గుమ్మంలోంచి ఎగిరిపడతాడు అన్నది తేల్చి, కట్టి, తిప్పి చూపిస్తేనే అది గ్యాగ్ అవుతుంది. కెమెరా ఎల్జిన్ లెస్లీ చేతిలో. ఇలాంటి జట్టుకి సినిమాకీ సినిమాకీ మధ్య కూడా వారం వారం జీతాలు పడాలి. ఆ ఖాళీ వారాల్లోనే తర్వాతి సినిమా పుడుతుంది.

తీయడం అయ్యాక అసలు పరీక్ష మొదలయ్యేది. ముందస్తుగా చెప్పకుండా ఏదో ఒక ఊరి థియేటర్లో సినిమా వేసి, జనం ఎక్కడ నవ్వారు, ఎక్కడ ఊరుకున్నారు గమనించేవారు. దాన్ని బట్టి కోసేవారు, కలిపేవారు, అవసరమైతే మళ్లీ తీసేవారు. ఈ ప్రివ్యూ పద్ధతి ఎంత గట్టి పాఠాలు చెప్పేదో చూపడానికి కీటన్ సినిమాల్లోంచే రెండు ఉదాహరణలు చాలు.

మొదటిది 1924 నాటి 'ది నేవిగేటర్'. హీరో డైవింగ్ సూట్ వేసుకుని ఓడ అడుగున మరమ్మతు చేస్తుంటాడు. అక్కడ చేపల గుంపు అడ్డదిడ్డంగా పోతుంటే, ఒక నక్షత్ర చేపని బ్యాడ్జీలా రొమ్మున తగిలించుకుని ట్రాఫిక్ పోలీసులా చేతులు ఊపి చేపల్ని ఆపుతాడు, పంపుతాడు. ఆ బొమ్మ చేపల గుంపుని తయారు చేసి కదిలించడానికి చాలా శ్రమ పడ్డారు. ట్రైలర్‌లో ఆ ముక్క వేస్తే థియేటర్ గొల్లుమంది. సినిమాలో అదే ముక్కకి ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే అదే సమయంలో పైన ఓడ మీద అమ్మాయి ఒంటరిగా ఉంది, నరమాంస భక్షకులు ఓడ దగ్గరికి వస్తున్నారు. ఆమెను కాపాడాల్సినవాడు పని ఆపి చేపలతో ఆడుకుంటున్నాడని జనానికి కోపం వచ్చింది. విడిగా చూస్తే బ్రహ్మాండమైన గ్యాగ్, కథలో మాత్రం తప్పు. కీటన్ దాన్ని తీసి పక్కన పెట్టేశాడు.

రెండోది 1925 నాటి 'సెవెన్ ఛాన్సెస్'. చివర్లో పెళ్లికూతుళ్ల గుంపు తరుముతుంటే హీరో కొండవాలున కిందికి పరిగెడతాడు. మొదట తీసిన రూపంలో సినిమా దాదాపు అక్కడే ముగిసేది. ప్రివ్యూలో జనం నీరసంగా చూస్తున్నారు. ఉన్నట్టుండి ఒక్కచోట కదిలి కూర్చున్నారు. కీటన్ కాలు తగిలి ఒక చిన్న రాయి దొర్లింది, అది ఇంకో రెండింటిని కదిలించింది, ఆ మూడూ అతని వెనకాల దొర్లుతూ వచ్చాయి. అనుకుని తీసింది కాదు, కెమెరాలో పడిపోయింది అంతే. జట్టంతా వెనక్కి వెళ్లి, తీగ చట్రాల మీద కాగితపు గుజ్జు అంటించి సుమారు 1500 రాళ్లు తయారు చేశారు. పంపరపనస అంత రాయి దగ్గర్నుంచి మనిషిని మించిన బండ దాకా. వాటిని ఏటవాలు మీద వదిలి, వాటి మధ్య కీటన్ పరుగు తీశారు. ఇవాళ ఆ సినిమా అనగానే గుర్తొచ్చేది ఆ రాళ్లే. ఆలోచించండి, అయిపోయిందనుకున్న సినిమాకి మళ్లీ జట్టుని వెంటబెట్టుకుని, బండల్ని కట్టించి, కొత్త ముగింపు తీయడానికి ఎవరి అనుమతి కావాలి? డబ్బు సంచీ పట్టుకున్నవాడి అనుమతి. షెంక్ ఆ విషయంలో మంచివాడు, అడ్డు చెప్పేవాడు కాదు. కీటన్‌కి ఉన్న స్వేచ్ఛ అంతా షెంక్ మంచితనం మీద నిలబడింది, ఏ కాగితం మీదా రాసి లేదు.

లాయిడ్ కూడా ఇదే బడిలో చదువుకున్నాడు. 1922 నాటి 'గ్రాండ్‌మాస్ బాయ్' మొదటి ప్రివ్యూలో నవ్వులు సరిగా పడలేదు, కథ మరీ గంభీరమైపోయింది. కథని అలాగే ఉంచి, దాని మధ్య గ్యాగులు తీసి చేర్చారు. మరుసటి ఏడాది 'సేఫ్టీ లాస్ట్'కి అతను పాటించిన క్రమం రచయితలు గమనించదగ్గది. భవనం ఎక్కే ముగింపు ముందే తీసేశారు. అది బాగా వచ్చిందని నిర్ధారించుకున్నాక, వీడు అసలు ఎందుకు ఎక్కాల్సి వచ్చింది అన్న మొదటి సగం రాసి తీశారు. చివరి ఘట్టమే సినిమాని నిలబెట్టేది అయినప్పుడు దాన్ని ముందే చేతిలో పెట్టుకోవడం తెలివైన పని. మిగతా డబ్బు ఎంత పెట్టవచ్చో కూడా దాంతో తెలుస్తుంది.

ఛాప్లిన్ పద్ధతి ఇంకా ఖరీదైనది. మిగతావాళ్లు గదిలో చేసుకునే ఆలోచన అతను కెమెరా తిరుగుతుండగానే చేసేవాడు. 1917 నాటి 'ది ఇమిగ్రెంట్' ఒక హోటల్లో భోజనం చుట్టూ మొదలైంది. వలస వచ్చినవాళ్ల ఓడ, సినిమాకి ఆ పేరు, అన్నీ ఆ తర్వాత పుట్టాయి. 'సిటీ లైట్స్' షూటింగ్ 1928 డిసెంబర్‌లో మొదలైతే సినిమా విడుదలైంది 1931 జనవరిలో. అందులో అతన్ని నెలల తరబడి ఆపేసిన చిక్కు చూడటానికి చాలా చిన్నది. చూపులేని పూలమ్మాయి ఒక దేశదిమ్మరిని ధనవంతుడని ఎలా పొరబడుతుంది? మాటలు లేని సినిమాలో, చూడలేని అమ్మాయికి, చెప్పకుండా చెప్పాలి. ఆ ఒక్క సన్నివేశానికి టేకులు వందలు దాటాయి. చివరికి దొరికిన జవాబు: రోడ్డు మీద కార్లు నిలిచిపోయి ఉంటాయి, అటుపక్కకి పోవడానికి అతను ఒక కారులో ఒక తలుపున దూరి ఇంకో తలుపున దిగుతాడు. కారు తలుపు వేసిన చప్పుడు ఆ అమ్మాయి చెవిన పడుతుంది. అంతే. మూకీ సినిమాలో చిక్కుముడి విప్పింది ఒక శబ్దం, అదీ ప్రేక్షకుడికి వినిపించని శబ్దం. నాకు తెలిసి సినిమా రచనలో ఇంత పొదుపైన పరిష్కారాలు చాలా తక్కువ. ఆ జవాబు దొరికేదాకా స్టూడియో సిబ్బందికి జీతాలు పోయాయి. ఆ స్టూడియో ఛాప్లిన్ సొంతం, ఆ డబ్బు ఛాప్లిన్‌దే, కాబట్టి "ఇక చాలు, ముగించు" అనే హక్కు ఎవరికీ లేదు.

కాబట్టి హాస్యనటుడికి నిర్మాత హోదా వల్ల చేతికొచ్చేవి మూడు. గడువు తానే పెట్టుకోవడం, జట్టుని చెదరకుండా ఉంచుకోవడం, నెగెటివ్, అంటే కాపీలు తీసే అసలు ఫిల్ము, తన పేరున ఉండటం. ఎవరు ఏది ఎప్పుడు సంపాదించారో చూస్తే మీ ప్రశ్నకి సగం జవాబు వచ్చేస్తుంది.

ఛాప్లిన్ జీతం లెక్క చాలామందికి తెలుసు. 1914లో కీస్టోన్ కంపెనీలో వారానికి 150 డాలర్లు. 1915లో ఎస్సనేలో వారానికి 1250, పైన 10,000 బోనస్. 1916లో మ్యూచువల్‌లో వారానికి 10,000, పైన 1,50,000 బోనస్. ఈ అంకెలు కళ్లు చెదరగొడతాయి గానీ వాటికంటే ముఖ్యమైన సంఘటన మధ్యలో జరిగింది. అతను ఎస్సనే వదిలి వెళ్లాక, రెండు రీళ్లుగా (రీలు అంటే సుమారు వెయ్యి అడుగుల ఫిల్ము) తీసిన 'కార్మెన్' పేరడీకి ఆ కంపెనీ వేరే నటులతో తీసిన సన్నివేశాలు అతికించి నాలుగు రీళ్లు చేసి 1916లో విడుదల చేసింది. ఛాప్లిన్ కోర్టుకి వెళ్లాడు, ఓడిపోయాడు. కాంట్రాక్టులో అడ్డు చెప్పే మాట లేదు మరి. అప్పటినుంచి, పూర్తయిన సినిమాని ఎవరూ పొడిగించకూడదు, కత్తిరించకూడదు అన్న షరతు లేకుండా అతను సంతకం పెట్టలేదు. ఓడిన ఆ దావా గెలిచిన జీతాలన్నిటికంటే ఎక్కువ మేలు చేసిందని నా అభిప్రాయం.

1917లో ఫస్ట్ నేషనల్ అనే కంపెనీతో ఒప్పందాన్ని అందరూ 'మిలియన్ డాలర్ల కాంట్రాక్టు' అంటారు. నిజానికి అది జీతం కాదు. 8 సినిమాలు, ఒక్కోదానికి 1,25,000 డాలర్ల అడ్వాన్సు, తీసే ఖర్చు ఛాప్లిన్‌ది, ఆ తర్వాత వచ్చే లాభంలో వాటా. కొన్నేళ్ల గడువు తీరాక సినిమా హక్కులు తిరిగి ఛాప్లిన్‌కి. నటుడు నిర్మాతగా మారింది ఈ కాగితంతోనే. ఆ డబ్బుతో సొంత స్టూడియో కట్టుకున్నాడు. హక్కుల విలువ అతనికి ఎంత బాగా ఒంటబట్టిందో 'ది కిడ్' సమయంలో తెలిసింది. ఆరు రీళ్ల సినిమాని ఫస్ట్ నేషనల్ మూడు చిన్న సినిమాల ధరకి తీసుకోవాలని చూసింది. మరోపక్క విడాకుల వ్యాజ్యంలో ఫిల్ముని జప్తు చేస్తారేమోనన్న భయం. ఛాప్లిన్ దాదాపు 4 లక్షల అడుగుల ఫిల్ముని కాఫీ డబ్బాల్లో సర్దించి, కాలిఫోర్నియా దాటించి, సాల్ట్ లేక్ సిటీలో ఒక హోటల్ గదిలో కూర్చుని ఎడిట్ చేశాడు. నైట్రేట్ ఫిల్ము నిప్పు తగిలితే భగ్గుమంటుంది, హోటల్ గదిలో అది పెట్టుకోవడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. అయినా చేశాడు. 1919లో నటులు మేరీ పిక్‌ఫోర్డ్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్, దర్శకుడు గ్రిఫిత్‌లతో కలిసి యునైటెడ్ ఆర్టిస్ట్స్ అనే పంపిణీ సంస్థ పెట్టడంతో పంపిణీ కూడా చేతికొచ్చింది.

లాయిడ్ దారి నెమ్మదిగా సాగింది. నిర్మాత హాల్ రోచ్ దగ్గర 'లోన్సమ్ ల్యూక్' అనే పాత్ర వేసేవాడు. ఛాప్లిన్ వేషాన్ని తిరగేసిన అనుకరణ అది, వదులు బట్టలకి బదులు బిగుతు బట్టలు. 1917లో దాన్ని వదిలి, అద్దాలు లేని కళ్లజోడు ఫ్రేము పెట్టుకున్న మామూలు కుర్రాడయ్యాడు. ల్యూక్ సినిమాలు రెండు రీళ్లకి ఎదిగినా, కొత్త పాత్రని మాత్రం ఒక్క రీలు సినిమాలతోనే మొదలుపెడతానని పట్టుబట్టాడు. తరచుగా విడుదలైతే జనానికి ముఖం తొందరగా అలవాటవుతుంది, ఒకటి బాగా లేకపోయినా తర్వాతిది వచ్చి మరిపిస్తుంది. కొత్త పాత్రతో దిగే హాస్యనటుడు ఇప్పటికీ వాడుకోగల లెక్క ఇది. 1923లో రోచ్‌తో స్నేహంగానే విడిపోయి సొంత కార్పొరేషన్ పెట్టుకున్నాడు. 1924 నాటి 'గర్ల్ షై' నుంచి డబ్బు, నెగెటివ్ అతనివే. దర్శకుడిగా గానీ రచయితగా గానీ తెర మీద తన పేరు వేసుకోలేదు, చివరి మాట మాత్రం ప్రతిదాంట్లోనూ అతనిదే. పేరు కోసం కాకుండా హక్కు కోసం పట్టుబట్టిన మనిషి.

ఇక కీటన్. 1917లో వారానికి 250 డాలర్ల రంగస్థల అవకాశం వదులుకుని 40 డాలర్లకి హాస్యనటుడు రాస్కో ఆర్బకుల్ దగ్గర సినిమాల్లో చేరాడు. అప్పటి నిర్మాత కూడా షెంకే. 1920లో షెంక్ అతనికి సొంత యూనిట్ ఇచ్చాడు. వారానికి 1000 డాలర్ల జీతం, పైన లాభంలో నాలుగో వంతు. ఛాప్లిన్ మ్యూచువల్ సినిమాలు తీసిన స్టూడియోనే కీటన్‌కి ఇచ్చారు. ఇరవై నాలుగేళ్ల కుర్రాడికి అప్పట్లో ఇది చాలా మంచి బేరం. పైగా షెంక్ భార్య నటి నార్మా టాల్‌మడ్జ్, ఆమె చెల్లెలు నాటలీ 1921లో కీటన్‌ని పెళ్లి చేసుకుంది. ఇంటి మనిషి దగ్గర కాగితాలు ఎవరు అడుగుతారు? ఎనిమిదేళ్లు అడగాల్సిన అవసరమూ రాలేదు.

1926లో 'ది జనరల్' తీశారు. ఆరెగన్‌లో కాటేజ్ గ్రోవ్ దగ్గర, రో నది మీద కట్టిన వంతెనకి నిప్పు పెట్టి నిజమైన రైలింజన్ని నీళ్లలో పడేశారు. ఆ ఒక్క షాటుకి 42,000 డాలర్లు అయిందంటారు. మొత్తం ఖర్చు ఏడున్నర లక్షల డాలర్ల దగ్గరికి పోతే, అమెరికాలో రాబడి అయిదు లక్షలు కూడా దాటలేదు. సొంత డబ్బు పెట్టినవాడు నష్టపోతే తర్వాతి సినిమా చిన్నగా తీస్తాడు. ఇంకొకరి డబ్బుతో తీసినవాడికి ఆ నిర్ణయం తన చేతిలో ఉండదు. 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్' సమయానికి షెంక్ మనుషులు చెప్పిపంపడం మొదలైంది. ముగింపులో వరద పెట్టాలని కీటన్ అనుకున్నాడు. 1927లో మిసిసిపీ వరదలు ముంచెత్తాయి కాబట్టి వద్దన్నారు. తుపానుగా మార్చాడు. సినిమా కోసం గబూరీ కట్టిన ఊరి సెట్టుని కొంత మళ్లీ కట్టి, విమానం ఇంజన్లతో తిరిగే గాలి యంత్రాలు తెచ్చారు. ఇంటి ముందుగోడ మొత్తం కూలి మీద పడుతుంటే, తెరిచి ఉన్న కిటికీ సరిగ్గా కీటన్ నిలబడ్డచోట దిగి అతను క్షేమంగా బయటపడే షాటు అందులోదే. ఇక్కడ ఒకటి గమనించండి. పైనుంచి జోక్యం వచ్చినా జట్టు ఉంది, సమయం ఉంది, కాబట్టి అడ్డంకిని మరింత గొప్ప గ్యాగ్‌గా మార్చుకోగలిగాడు. జోక్యం దానంతట అది హాస్యనటుణ్ణి చంపదు. జట్టునీ కాలాన్నీ తీసేసి జోక్యం చేసుకుంటే అప్పుడు చంపుతుంది.

సరిగ్గా అదే జరిగింది. షెంక్ యూనిట్ మూసేసి, కీటన్‌ని ఎంజీఎంకి వెళ్లమన్నాడు. ఎంజీఎం మాతృసంస్థ అధ్యక్షుడు షెంక్ తమ్ముడు నికొలస్. వద్దని ఛాప్లిన్ చెప్పాడు, లాయిడ్ చెప్పాడు. కానీ స్టూడియో కీటన్‌ది కాదు, కంపెనీ కీటన్‌ది కాదు, పాత సినిమాలు కీటన్‌వి కావు. బయటికి వస్తే చేతిలో ఉన్నది ముఖం ఒక్కటే. వారానికి 3000 డాలర్లకి సంతకం పెట్టాడు. తన జీవితంలో అతి పెద్ద తప్పు ఇదేనని తర్వాత ఒప్పుకున్నాడు.

ఎంజీఎం చెడ్డ సంస్థ కాదు, ఆ పద్ధతి వేరు. స్క్రిప్టు ముందే రాయాలి, ఆమోదం పొందాలి, ప్రతి సెట్టుకీ ఖర్చు ముందే లెక్క కట్టాలి. నాటకీయ కథలకి ఇది చక్కగా పని చేస్తుంది. కాలు తగిలి దొర్లిన రాయికి ఇందులో చోటెక్కడిది? విభాగాలు వేరు, మనుషులు వేరు, పాత జట్టు నెమ్మదిగా విడిపోయింది. ప్రమాదకరమైన ఫీట్లు కీటన్ స్వయంగా చేయకుండా అడ్డుపడ్డారు. జీతం ఇచ్చి తెచ్చుకున్న నటుడికి దెబ్బ తగిలితే నష్టం వాళ్లదే కదా.

అక్కడ చేసిన మొదటి సినిమా 'ది కెమెరామన్' (1928) మాత్రం బాగుంది, ఎందుకు బాగుందో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. న్యూయార్క్ వీధుల్లో షూటింగ్‌కి వెళ్తే జనం మూగి పని సాగలేదు. కీటన్ పై అధికారులని ఒప్పించి, మందంగా ఉన్న స్క్రిప్టుని పలచన చేసి, కొన్ని చోట్ల తన పాత పద్ధతిలో తీశాడు. ఈతకొలను దగ్గర బట్టలు మార్చుకునే ఇరుకు గదిలో ఇద్దరు మగాళ్లు ఒకేసారి దూరి, ఒకరి చేయి ఇంకొకరి చొక్కాలో పెట్టుకుంటూ కుస్తీ పట్టే సన్నివేశం స్క్రిప్టులోంచి వచ్చింది కాదు. ఆ రెండో మనిషి ఎడ్వర్డ్ బ్రోఫీ, యూనిట్ మేనేజరు. అక్కడ ఉన్నాడు, పొట్టిగా చిరాగ్గా కనిపించాడు, లాగి నిలబెట్టారు. కెమెరా కదలదు, ఇద్దరూ నిమిషాల తరబడి పెనుగులాడతారు. రెండో సినిమా 'స్పైట్ మ్యారేజ్' (1929)లో తాగి పడిపోయిన భార్యని మంచం మీద పడుకోబెట్టే సన్నివేశాన్ని తీసేయాలని నిర్మాత అన్నాడు. కీటన్ పోట్లాడి నిలబెట్టుకున్నాడు. ఇవాళ ఆ సినిమాలో అందరూ చెప్పుకునేది అదే. 1920ల మొదట్లో అతనికి అడగకుండా దొరికిన స్వేచ్ఛ, ఇప్పుడు ఒక్కో సన్నివేశానికి ఒక్కో యుద్ధం. అలా ఎన్నాళ్లు పోరాడగలడు?

టాకీల సంగతి. ఈ విషయంలో అపోహ ఎక్కువ. 'స్పైట్ మ్యారేజ్'ని మాటల సినిమాగా తీద్దామని కీటనే అడిగాడు, స్టూడియో ఒప్పుకోలేదు. అదే ఏడాది లాయిడ్ 'వెల్‌కమ్ డేంజర్'ని మూకీగా పూర్తి చేసి, జనం మాటలకి ఎగబడుతున్నారని చూసి, చాలాభాగం మళ్లీ తీసి మాటల సినిమాగా విడుదల చేశాడు, సొమ్ము చేసుకున్నాడు. ఛాప్లిన్ దానికి పూర్తిగా ఎదురు తిరిగి, 1940లో 'ది గ్రేట్ డిక్టేటర్' దాకా సంభాషణలు ఉన్న సినిమా తీయనే లేదు. ముగ్గురిలో ఇద్దరు తమకి తోచింది చేయగలిగారు, ఒకరు అడిగి కాదనిపించుకున్నాడు. కీటన్ గొంతుకేమీ లోపం లేదు, రంగస్థలం మీద పెరిగినవాడు. ఇంకో విచిత్రం, ఎంజీఎం టాకీలు అతని మూకీల కంటే ఎక్కువ డబ్బు చేశాయి. డబ్బు వస్తోంది కాబట్టి పద్ధతి మార్చాల్సిన అవసరం స్టూడియోకి కనిపించలేదు. తనకి నచ్చని సినిమాలు ఆడుతుంటే చూస్తూ కూర్చోవడం కీటన్‌కి పడలేదు. తాగుడు అప్పుడు ముదిరింది, 1932లో విడాకులు, 1933 ఫిబ్రవరిలో ఉద్యోగం పోయింది. వయసు ముప్ఫై ఏడు. కొన్నేళ్ల తర్వాత అదే స్టూడియోలో వారానికి 100 డాలర్లకి గ్యాగ్ రచయితగా చేరి, రెడ్ స్కెల్టన్ లాంటి హాస్యనటులకి గ్యాగులు రాసి ఇచ్చాడు.

నెగెటివ్ సంగతి చివరికి ఉంచాను, దాని ప్రభావం దశాబ్దాల తర్వాత తెలుస్తుంది కాబట్టి. ఛాప్లిన్ 1942లో 'ది గోల్డ్ రష్'కి తన గొంతుతో వ్యాఖ్యానం, సంగీతం చేర్చి మళ్లీ విడుదల చేశాడు. 'ది కిడ్'కి 1971లో, ఎనభై దాటిన వయసులో, కొత్త సంగీతం కట్టాడు. హక్కులు ఉన్నాయి కాబట్టి చేయగలిగాడు. హక్కు లేని 1914–17 నాటి సినిమాలు ఎన్ని నాసిరకం ముక్కలుగా తిరుగుతున్నాయో మీకే తెలుసు. అయితే సొంతం చేసుకోవడమే సర్వరోగ నివారిణి అనుకోకండి. లాయిడ్ తన సినిమాల్ని మరీ భద్రంగా దాచుకున్నాడు. టీవీ వాళ్లు కోసి, మధ్యలో ప్రకటనలు పెడతారని వాళ్లకి అంత తేలిగ్గా ఇవ్వలేదు. ఫలితంగా ఒక తరం అతన్ని చూడనే లేదు, 'సేఫ్టీ లాస్ట్'లో గడియారం ముల్లుకి వేలాడే ఫోటో మాత్రమే మిగిలింది. పైగా 1943లో ఇంటి దగ్గర ఫిల్ము గదిలో నిప్పంటుకుని చాలా పాత సినిమాలు కాలిపోయాయి. అంతా ఒకేచోట దాచడం వల్ల వచ్చిన నష్టం అది. కీటన్ సినిమాలకి కాపలాదారే లేకుండా పోయాడు. 1950లలో, అతను ఒకప్పుడు కట్టుకున్న ఇంటిని తర్వాత కొన్న నటుడు జేమ్స్ మేసన్‌కి అక్కడ దాచిన ప్రింట్లు దొరికాయి. రేమండ్ రోహవర్ అనే ఆయన పూనుకుని మిగిలినవి పోగుచేశాడు. అదృష్టం బాగుండి దక్కాయి.

గ్యాగ్ కూడా ఆస్తే అన్నది లాయిడ్ కోర్టులో నిరూపించాడు. అతని దగ్గర పనిచేసిన బ్రక్‌మన్ (పైన చెప్పిన కీటన్ రచయితే) 1940లలో యూనివర్సల్ స్టూడియోకి రాస్తూ, లాయిడ్ సినిమా 'మూవీ క్రేజీ'లోని ఇంద్రజాలికుడి కోటు సన్నివేశాన్ని దాదాపు అలాగే వాడేశాడు. లాయిడ్ దావా వేసి నెగ్గాడు, 1947లో అప్పీల్లో కూడా. కీటన్ గ్యాగులు అంతకంటే ఎక్కువే పోయాయి, కానీ దావా వేయాలంటే ముందు హక్కుదారు అయి ఉండాలి.

ఇదంతా కళ్లతో చూసి పోల్చుకోవాలంటే ఈ వరుసలో చూడండి: 'సెవెన్ ఛాన్సెస్', 'ది కెమెరామన్', ఆ వెంటనే 1932 నాటి 'స్పీక్ ఈజీలీ'. మొదటిదాంట్లో కీటన్ ఒళ్లంతా ఫ్రేములో ఉంటుంది, కట్ తక్కువ. మూడోదాంట్లో పక్కన హాస్యనటుడు జిమ్మీ డ్యూరాంట్ గలగలా మాట్లాడుతుంటే కీటన్ నిలబడి తన వంతు కోసం ఎదురు చూస్తుంటాడు. ప్రింటు ఎంచుకునేటప్పుడు వేగం గమనించండి. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకి 16 ఫ్రేములు. వెయ్యి అడుగుల రీలు సెకనుకి 16 ఫ్రేముల చొప్పున నడిస్తే 16 నిమిషాల 40 సెకన్లు, 24 చొప్పున నడిస్తే 11 నిమిషాల పైచిలుకు. మూకీలు తీసిన వేగం సినిమాని బట్టి మారేది. చవక డిస్కుల్లో అన్నీ ఒకే వేగంతో ఎక్కిస్తే మనుషులు బొమ్మల్లా గంతులేస్తారు. కీటన్ నడక మామూలు మనిషి నడకలా కనిపిస్తేనే అది సరైన ప్రింటు. అతని సినిమాలో ఇల్లు కూలాలి, బండలు దొర్లాలి, నడక మాత్రం మామూలుగా ఉండాలి.